ఫోను భేషుగ్గా పనిచేసింది

ఇందుమూలంగా కడప పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, వైభవ రెసిడెన్సీ అను అయిదంతస్తుల భవనంలోని లిఫ్టునందు అత్యవసర ఫోను మళ్లీ పనిచేయుచున్నది. ఈ శుభవార్తను నాపరాయి మీద చెక్కించి, లిఫ్టు పక్కన గోడకు బిగించారు కూడా. రాయి మీద నివాసుల సంఘం అధ్యక్షులవారి పేరు జానెడు అక్షరాల్లో ఉంది. కార్యదర్శి పేరు బెత్తెడు అక్షరాల్లో ఉంది. ఫోను సంగతి కింద చిన్నగా సర్దారు. ఆ ఫోను మోగితే మెట్లెక్కి పరిగెత్తే మనిషి పేరు మాత్రం పట్టలేదు. రాయి చిన్నది మరి.

ఆ మనిషి హంపమ్మ. సొంతూరు కోసిగి పక్కన పల్లె. వానలు మొహం చాటేసిన ఏడాది ఊళ్లో సగంమంది వలస కట్టి, సుగ్గికని గుంటూరు మిరపచేలకు కూలికి పోతుంటే, ఆమె కూతురు శివలీలను వెంటబెట్టుకుని కడప రైలెక్కింది. వైభవ రెసిడెన్సీలో వాచ్‌మన్ పనీ, మెట్ల కింద ఒక గదీ దొరికాయి. మంచం వేస్తే తలుపు మూతపడని గది అది. ఆ గదిలోనే చదివి శివలీల డిగ్రీ రెండో ఏటికి వచ్చింది. ఇంకొక్క ఏడాది ఆ గది నిలిస్తే చాలు, తన బతుకు గట్టున పడినట్టేనని హంపమ్మ లెక్క.

లిఫ్టు తలుపు పక్కన ఒక బోర్డు ఉండేది: 'పనివారు లిఫ్టు వాడరాదు.' హంపమ్మ ఆరేళ్లుగా దాన్ని పాటిస్తూ, రోజూ తుడుస్తూ ఉండేది.

మొదట్లో లిఫ్టులో ఒక ఎర్ర ఫోను ఉండేది. రాగి తీగ మీద నడిచేది. తనకు కావలసిన కరెంటు తీగలోనే తెచ్చుకునేది కాబట్టి, ఊరంతా చీకటైనా అది మాత్రం పలికేది. ఎత్తితే హంపమ్మ గదిలో మోగేది. ఆమె మిద్దె మీదికి పరిగెత్తి, మెషిన్ గదిలో మెయిన్ ఆపి, బ్రేకు వదిలి, చక్రం చేత్తో తిప్పి లిఫ్టును దగ్గర్లోని అంతస్తుకు చేర్చేది. ప్రొద్దుటూరు నుంచి మాటిమాటికీ రాలేక లేవి అనే మెకానిక్ ఆమెకు నేర్పిన విద్య ఇది.

ఒకరోజు టెలిఫోను వాళ్ల నుంచి ఉత్తరం వచ్చింది. రాగి తీగలకు కాలం చెల్లింది, తీసేస్తున్నాం, సహకరించగలరు అని. నివాసులు చప్పట్లు కొట్టి సహకరించారు. ఎర్ర ఫోను అందానికి ఉండిపోయింది. ఇరుక్కున్నవాళ్లు దాన్ని ఎత్తి, ఏమీ వినపడక, మర్యాదగా మళ్లీ పెట్టేసేవాళ్లు.

సంక్షేమ సంఘం చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. వెంటనే లిఫ్టులో రంగుల కాగితం అంటించింది: 'ఆపదలో ఈ నంబరుకు మొబైల్ ఫోను చేయండి.' లిఫ్టు ఉక్కు పెట్టె. తలుపు మూయగానే సిగ్నలు బయటే నిలబడిపోతుంది. ఈ చిన్న లోపం తప్ప కాగితం ఎంతో చక్కగా ఉంది.

తర్వాత ఇత్తడి గంట కట్టారు. ఇరుక్కున్నవాళ్లు గంట కొడితే అందరికీ వినిపిస్తుందని ఆలోచన. ఆలోచన మంచిదే. కాకపోతే వారం తిరగకుండా గంటకు పసుపూ కుంకుమా చేరాయి. దాని కింద ఎవరో వెంకన్న పటం పెట్టారు. జనం చెప్పులు బయట విడిచి లిఫ్టెక్కడం మొదలుపెట్టారు. ఎక్కినవాళ్లల్లా ఓ దెబ్బ కొట్టి కళ్లకద్దుకునేవాళ్లు. అలాంటి రోజుల్లో మూడో అంతస్తు ఆనందం మాస్టారు లిఫ్టులో చిక్కుకుని అరగంట గంట కొట్టారు. ఆయన ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి. అలాంటి ఆయన ఇంత భక్తిగా గంట కొడుతున్నాడంటే మన భవనంలో మతసామరస్యం ఏ స్థాయిలో ఉందో చూడండని నాలుగో అంతస్తువాళ్లు మురిసిపోయి, ఉన్నచోటే నిలబడి దండం పెట్టుకున్నారు.

బజారు నుంచి వస్తూ గేటు దగ్గర విన్నది హంపమ్మ. "దేవునికి ఇంతసేపు ఎవురూ కొట్టరు" అంటూ కూరగాయల సంచి అక్కడే పడేసి మిద్దెక్కింది.

సంఘం ఈసారి గట్టిగా కదిలింది. అధ్యక్షులు శ్రీనివాసులు రెడ్డిగారు స్వయంగా రంగంలోకి దిగారు. వారిది కోయిలకుంట్ల దగ్గర భూములున్న కుటుంబం. ఇప్పుడు నాపరాళ్ల వ్యాపారం. ఏ పనైనా రాయి చెక్కించడంతో మొదలుపెట్టడం వారి పద్ధతి. సిమ్ కార్డుతో నడిచే కొత్త పెట్టె తెప్పించారు. లోపల బ్యాటరీ, మిద్దె మీద యాంటెన్నా. మీట నొక్కితే ఒకే ఒక్క నంబరుకు ఫోను పోతుంది.

ఆ నంబరు ఎవరిదన్న దాని మీద మూడు సమావేశాలు జరిగాయి. రెండో అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగిని మధులత, "హంపమ్మ నంబరే పెడితే సరిపోతాది గదా, పోయి తీసేది ఆమే" అంది. సభ ఉలిక్కిపడింది. ఇరవై గౌరవనీయ కుటుంబాల ఆర్తనాదం మెట్ల కింది గదిలో, రబ్బరు బ్యాండు చుట్టిన బటన్ల ఫోనులో మోగడమా? భవనం పరువేం కావాలి? తొలి పిలుపు అధ్యక్షులవారికే పోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అధ్యక్షులవారు తెలియని నంబర్లు ఎత్తరన్న విషయం అందరికీ తెలుసు. కానీ అది వారి వ్యక్తిగత విషయం.

మరో తీర్మానం కూడా చేశారు. ఫోను వచ్చింది గనుక ఇక హంపమ్మతో పనిలేదు. మెట్ల కింది గదిని 'కంట్రోల్ రూము'గా మార్చాలి. ప్రారంభోత్సవం నాటికి ఆమె ఖాళీ చేయాలి. ఆరేళ్ల సేవలను సంఘం కొనియాడుతూ ఒక శాలువా మంజూరు చేసింది.

హంపమ్మ ఏడవలేదు. ఏడిస్తే శివలీల చదువు మానేస్తానంటుందని భయం. కానీ కోపం వచ్చింది. "హాస్టలు దొరికేదాకా నీ స్నేహితురాలింట్లో ఉండు. నేను ఊరికి పోయి సుగ్గికి పోతా" అని కూతురికి చెప్పి ట్రంకు పెట్టె సర్దింది.

ప్రారంభోత్సవం నాడు మధ్యాహ్నం ఆమె ట్రంకు పెట్టె మీద కూర్చుని గేటు దగ్గర ఆటో కోసం చూస్తోంది. లోపల రెడ్డిగారు ప్రసంగిస్తున్నారు. "సోదరసోదరీమణులారా! రాగి పోయింది, రాతియుగం పోయింది! నేటి నుంచి ఈ భవనంలో ఏ ఒక్కరూ ఒంటరి కారు! మీట నొక్కిన మరుక్షణం మీ సేవకుడు మీ ముందుంటాడు!" చప్పట్లు. రాయి మీద తెర తొలగింది. లిఫ్టు గడప మీద టెంకాయ ఫెళ్లుమని పగిలింది. చిప్ప ముక్క ఒకటి ఎగిరి తలుపు జరిగే గాడిలో పడింది. శుభమని ఎవరూ దాన్ని తీయలేదు.

రెడ్డిగారు తొలి ప్రయాణానికి ఒక్కరే లిఫ్టెక్కారు. గాడిలో చిప్ప అడ్డం వచ్చి తలుపు పూర్తిగా పడకపోతే కార్యదర్శి బయటి నుంచి భుజం పెట్టి నెట్టారు. పడింది. లిఫ్టు రెండో అంతస్తు దాటింది. అప్పుడు కింద తలుపు అంగుళం జారింది. తలుపు జారితే లిఫ్టు ఆగుతుంది. ఆగింది.

రెడ్డిగారు చిరునవ్వుతో మీట నొక్కారు. పెట్టె వెంటనే పలికింది. యాంటెన్నా బ్రహ్మాండంగా పనిచేసింది. లిఫ్టు గూటిలోంచి ఆ మాటలు భవనమంతా మార్మోగాయి: "మీరు ప్రయత్నిస్తున్న వినియోగదారుడు ప్రస్తుతం అందుబాటులో లేరు." తర్వాత హిందీలో. తర్వాత ఇంగ్లీషులో.

"ఈడే ఉండాను గదప్పా!" అని రెడ్డిగారు పెట్టెతో అన్నారు. జేబులోంచి ఫోను తీసి చూశారు. సిగ్నలు గీత ఒక్కటీ లేదు. మళ్లీ నొక్కారు. వారు అందుబాటులో లేరని పెట్టె మళ్లీ సవినయంగా మనవి చేసింది. ఆరోసారికి గొంతు మారింది. "ఎవురన్నా రాండప్పా! ఊపిరాడ్తా లేదు!"

కింద జనం కార్యదర్శిని చూశారు. కార్యదర్శి తీర్మానాల పుస్తకం చూశారు. అధ్యక్షులవారు ఫోను ఎత్తకపోతే ఏం చేయాలో అందులో లేదు. కొందరు యువకులు మెట్లు ఎక్కబోయి, ఆరేళ్లుగా అలవాటు తప్పినందువల్ల మొదటి అంతస్తులో కూర్చుండిపోయారు.

గేటు దగ్గర హంపమ్మకు అన్నీ వినిపిస్తున్నాయి. నిజం చెప్పుకోవాలి, ఒక్క నిమిషం ఆమె కదల్లేదు. ఆ నిమిషం ఆమె ప్రాణానికి హాయిగా ఉంది. ఆటో కూడా వచ్చి నిలబడింది. అంతలో పైనుంచి అరుపు ఆగి, తలుపు మీద చెప్పుతో కొడుతున్న చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు. మనిషి భయపడిపోతే కొట్టే చప్పుడది.

"ఒగ రవ్వంతసేపు నిలుపప్పా" అని ఆటో అతనికి చెప్పి, కొంగు దోపుకుని మెట్లెక్కింది. పది నిమిషాల్లో లిఫ్టు మెల్లగా రెండో అంతస్తుకు దిగింది. తలుపు తెరుచుకుంది. రెడ్డిగారు చెమటతో తడిసి, ఒక చెప్పు చేతబట్టుకుని బయటికొచ్చారు. జనం చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది. విచారణలో తేలినదేమంటే, ఫోను భేషుగ్గా పనిచేసింది. ఎత్తవలసినవారు అందుబాటులో లేకపోవడమే లోపం. ఫోనును అభినందించారు. నంబరు మార్చి హంపమ్మది పెట్టారు. గది ఆమెకే ఉంచారు. ఆటో ఎప్పుడో పోయింది, ట్రంకు పెట్టె మళ్లీ మంచం కిందికి చేరింది. ఆ పూట హంపమ్మ, శివలీల కడుపునిండా తిన్నారు.

అంతటితో ఆగితే సంఘం ఎలా అవుతుంది? కృతజ్ఞతగా బోర్డును కూడా సవరించారు: 'పనివారు లిఫ్టు వాడరాదు. హంపమ్మ ప్రతి సోమవారం ఫోను పరీక్ష నిమిత్తం ఒంటరిగా ఎక్కవచ్చును.'

మొదటి సోమవారం అందరూ చుట్టూ నిలబడ్డారు. హంపమ్మ గడప దగ్గర ఆగి అడిగింది. "నేను ఇందులో ఇరుక్కుంటే ఫోను ఎవురికి పోతాది రెడ్డిసారూ?"

"నీకేం భయమ్మే హంపమ్మా," అన్నారు రెడ్డిగారు ఆప్యాయంగా. "ఫోను నీ దగ్గరే ఉంటాది గదా!"

హంపమ్మ ఆయన్ని ఒక క్షణం చూసింది. తన బటన్ల ఫోనును చూసుకుంది. చీపురు చంకన పెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

'శ్రీమతి హంపమ్మ వ్యాయామం మీద మక్కువతో లిఫ్టు సౌకర్యాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నారు' అని పుస్తకంలో రాసుకున్నారు. ఇరవై ఇళ్లలో మధులత తప్ప అందరూ సంతకం పెట్టారు. ఇది చదివి నవ్వుకుంటున్న మీ భవనంలోనూ అలాంటి పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. తీసి చూడండి, అందులో మీ సంతకం ఎక్కడుందో.