గుండీ పరిణయభంగము

వినుడు, సహృదయులారా! ఏ దిక్కునకు పోవువారైనను ఒక్క క్షణమాగి చొక్కాయంచు సవరించుకొను నొకానొక వీథిమొగదల, చెప్పులు బాగుచేయు కొట్టునకును తాళపుచెవుల కొట్టునకును నడుమ, ఏకవాతాయన విరాజితమై, వివిధవర్ణ వస్త్రఖండ సంకీర్ణమై, ఇస్త్రీపెట్టె వేడిమిచే నిత్యగ్రీష్మమై యొప్పు దర్జీదుకాణ మొకటి కలదు. వానకు ముందు గాలి స్తంభించి, ఈగలు సైతము ఎగురుటకు బద్ధకించు నొకనాటి యపరాహ్ణమున నచ్చట సంభవించిన ఘోరసంగ్రామమును వర్ణింప బూనితిని. ఓ కుట్టుమిషను చక్రమా, నడుమ దారము తెంపక తిరుగుము. ఇది మానవుల యుద్ధమే కాని, ఒక కుక్క నిమిత్తము జరిగినది.

ఆ దుకాణమున కధిపతి, కర్తరీధారి, దక్షిణకర్ణ న్యస్త సుద్దఖండుడు, కొలతటేపు కంఠహార శోభితుడు నగు దర్జీ. చేయి తిరిగినవాడే, నోరు మాత్రము తిరుగలేదు. ఎవ్వరేమి యడిగినను కాదనుట యాతని వంశమునం దెవ్వరు నెరుగరు. కాదనవలసిన చోట నాతడు "రేపు చూద్దాం" అనును. ఆ యస్త్రముతోనే ఇరువది యేండ్లుగా వీథివారి నెల్లరను నెట్టుకొని వచ్చుచుండెను. దాని మూలమున నాతనికి శత్రువులు లేరు, కాని కుట్టని గుడ్డలు చాల కలవు.

ఆతని పాదసన్నిధిని, మిషను పెడలుప్రక్క, పీలికల పానుపుపై శయనించు శునకరత్నము పేరు గుండీ. కాటుకనలుపు దేహము, ఛాతీపై గుండ్రని తెల్లమచ్చ. కావుననే ఆ పేరు. పసికూనగా నుండగా బొబ్బిను మ్రింగి దర్జీని పరుగులు పెట్టించినది. ఇప్పుడు మూడేండ్ల ప్రౌఢ. మిషను శబ్దమునకు నిద్రించును, ఆగినచో మేల్కొని యెందుకాగెనని చూచును. ఇట్టిది మరియొకటి యుండవలెనని దర్జీకి కోరిక పుట్టెను. పుట్టి, పెరిగి, కూనల పేర్ల వరకును పోయెను: కాజా, నాడా, కాలరు, జేబు. నాలుగు చిట్టిచొక్కాలు సైతము కత్తిరించి పెట్టెను.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అని యాతని యిల్లాలు కాజాలు కుట్టుచునే పలికెను.

వరుడు సిద్ధముగనే యుండెను. ఇల్లాలి తమ్ముడు, టైర్లకు పంక్చర్లు వేయువాడు, ఆజానుబాహుడు, గ్రీజు విలేపనాంగుడు నగు బావమరిది, ట్యూబు అను పేరుగల మగకుక్కను పెంచుచుండెను. "నా ట్యూబు, నీ గుండీ. ఇంకేం కావాలి బావా?" అని వాడనగా, దర్జీ యెప్పటివలె తల యూపెను. అటుపిమ్మట దర్జీకులమునందు తప్ప నన్యత్ర సంభవింపని పొరపాటొకటి చేసెను. టేపు తీసి రెండు కుక్కలకును మెడ, ఛాతీ, నడుము, పొడవు కొలిచెను. కొలతలు చక్కగ కుదిరెను. జోడు సరిపోయినదని ప్రకటించెను.

"అది ప్యాంటూ చొక్కా కాదండీ," అనెను ఇల్లాలు. "పైన కొలిస్తే లోపల అస్తరు ఎలా ఉందో తెలుస్తుందా? ముందు డాక్టరమ్మకి చూపించండి. అది ఎదకి రాకముందే చూపించండి."

దర్జీ "రేపు" అనబోయెను. ఇల్లాలు సూది నోట పట్టుకొని చూచిన చూపునకు నాటి సాయంకాలమే బయలుదేరెను.

పశువైద్యురాలు ప్రశ్నాస్త్రకోవిద. మందుల వాసన నిండిన గదిలో, బల్లమీద వణకుచున్న గుండీ వీపు నిమురుచు, ఏమాత్రము కోపము లేనిదై, యొకదానివెంట నొకటిగ శరములు సంధించెను.

"పిల్లలు ఎందుకు కావాలి మీకు?"

"గుండీ లాంటిది ఇంకొకటి ఉంటే బావుంటుందనండీ."

"గుండీ లాంటిది పుట్టదు. పుట్టేది వేరే కుక్క. సరే, దీని తల్లిదండ్రుల్ని చూశారా? మగదానికి పరీక్షలు చేయించారా? ఈనేటప్పుడు కూన అడ్డం తిరిగితే కడుపు కోయాల్సి రావచ్చు, ఒక్కోసారి తల్లే పోవచ్చు. ఆ రిస్కు తీసుకోగలరా?"

తల్లియే పోవచ్చునన్న మాట దర్జీ చెవిని దాటి యెచ్చటనో లోన తగులుకొనెను.

"పిల్లల్ని ఎవరికిస్తారు?"

"అబ్బో, చాలామంది అడిగారండీ. అందరికీ సరేనన్నాను."

"వాళ్లలో ఎవరైనా మాకొద్దని తిరిగి తెస్తే?"

"తెస్తే తీసుకుని, సరిచేసి ఇస్తానండీ," అని యాతడు వృత్తిధర్మము ననుసరించి సమాధానమిచ్చెను.

"వదులైన నడుమైతే పట్టి ఇస్తారు. కుక్కని ఏం సరిచేస్తారు?"

దర్జీ టేపుకొనను వ్రేలికి చుట్టుకొనెను. పిమ్మట గుండీకి మత్తిచ్చి తుంటికి ఎక్స్‌రే తీసిరి. గుండీ నాలుక యొకప్రక్కకు వ్రేలుచు పడియుండుట చూడజాలక యాతడు బయట బల్లపై కూర్చుండి, గోడమీది టీకాల పటమును మొదలునుండి చివరకును, చివరనుండి మొదలునకును చదివెను.

వెలుగుతెరపై తెల్లని యెముకలు కానవచ్చెను. "ఇదిగో, ఈ బంతి ఈ గిన్నెలో పూర్తిగా కూర్చోవాలి," అనెను వైద్యురాలు. "కుడివైపు బాగుంది. ఎడమవైపు సగం బయటే ఉంది. ఇప్పుడు పెద్దగా తెలియదు, వయసు మీదపడితే కుంటుతుంది. పిల్లలకీ దిగొచ్చు. అందుకే దీనికి పిల్లలు వద్దనే చెబుతాను. బరువు పెరగనివ్వకండి, మెట్లు తగ్గించండి. చాన్నాళ్లు హాయిగా ఉంటుంది."

అప్పుడు దర్జీకి చలికాలపు చొక్కా జ్ఞప్తికి వచ్చెను. గుండీకి కుట్టిన యా చొక్కా వెన్నుకుట్టు ఎన్నిమార్లు విప్పి కుట్టినను ఎడమకే తిరిగెడిది. తన కత్తెర తప్పని తలచి యాతడు లోలోన సిగ్గుపడి, ఎవ్వరికిని చెప్పలేదు. కత్తెర తప్పు కాదని తెలిసిన యా నిమిషమున నాతనికి సంతోషము కలుగలేదు. గుండీ అన్నాళ్లు నొప్పితో నడచెనేమోయని దుఃఖము ముంచుకొని వచ్చెను. ఇంటికి పోవుదాక దానిని ఎత్తుకొనియే నడచెను. అది చాల బరువు.

నాటి రాత్రియే చిట్టిచొక్కాలను ఇల్లాలు చేతిగుడ్డలుగా మార్చివేసెను. ఇక మిగిలినది ఒక్కటే: బావమరిదికి చెప్పుట.

"వాడికి చెప్పారా?" అని యామె ప్రతిదినము నడుగును. "రేపు," అని యాతడు ప్రతిదినము పలుకును. ఇంతలో గుండీ ఎదకు వచ్చెను. ఆ వార్తను తాళపుచెవులవాడు పంక్చరు వేయించుకొనబోయి టైరుశాలకు మోసెను.

అంతట మొదట చెప్పిన యా యపరాహ్ణమున వీథికొననుండి బావమరిది, త్రాటికొనయందు ట్యూబును లాగుచు, నిజము చెప్పవలెనన్న ట్యూబుచేత లాగబడుచు, ధూళిమేఘమధ్యమున నరుదెంచెను. ఇల్లాలు తటాలున గుండీని లోపలిగదిలోనికి తీసికొనిపోయి తలుపు వేసెను. దర్జీ హస్తము మిషను చక్రముపై నిలిచిపోయెను. ఇస్త్రీపెట్టె సైతము సన్నగా బుసకొట్టెను.

"బావా! పెళ్లికొడుకుని తీసుకొచ్చా. పెళ్లికూతురేదీ?"

"కూర్చోరా. ఎండన పడి వచ్చావు. మంచినీళ్లు తాగు."

"కూర్చోవడానికి రాలేదు బావా. వీడు పొద్దున్నుంచి తిండి ముట్టలేదు. మా షాపుకొచ్చే లారీ డ్రైవరు పుట్టేవాటిలో ఒక ఆడపిల్ల కావాలన్నాడు, మాటిచ్చేశా."

దర్జీ నుదుట స్వేదబిందువులు ముత్యములవలె నిలిచెను. సంప్రదాయాయుధమును స్మరించి, గురి చూచి, ప్రయోగించెను.

"రేపు చూద్దాంలేరా."

"రేపైతే మరీ మంచిది. వీణ్ని ఇక్కడే వదిలేసి వెళ్తా. ఈలోపు రెండూ అలవాటవుతాయి."

ఇరువదియేండ్లలో వ్యర్థము కాని యస్త్రము తిరిగివచ్చి తన కాళ్లకడనే పడెను. బావమరిది త్రాటిని బల్లకాలికి ముడివేయుచుండెను. ట్యూబు లోపలితలుపు క్రింది సందున ముక్కు దూర్చి నిట్టూర్చుచుండెను. తలుపునకావల నుండి ఇల్లాలి కంఠము స్పష్టముగ వినవచ్చెను.

"మొహమాటానికి పోతే కడుపొచ్చిందంట వెనకటికొకామెకి. ఇక్కడ వచ్చేది మీక్కాదు, దీనికి."

ఆ మాట విని దర్జీ లేచి నిలిచెను. కొలతటేపు నుత్తరీయమువలె వెనుకకు విసరి, మనోరంగమున తన జిహ్వనుద్దేశించి యిట్లు గర్జించెను: "ఓరీ జిహ్వా! దంతప్రాకార పరిరక్షితా! నిన్ను వేడిటీతో నభిషేకించి, మూడుపూటల నన్నముపెట్టి పోషించితినే! పెళ్లివారికి సరే యంటివి, బడిపిల్లలకు సరే యంటివి, నలుపు గుడ్డపై తెలుపు దారము కోరినవానికి సైతము సరే యంటివి. నేడు నోరులేనిదాని ప్రాణము నీ కొనపై వ్రేలుచున్నది. దాని తుంటి గిన్నెలో బంతి నిలువకున్న నిలువకుండుగాక, నీవు మాత్రము నిలువుము! కదలుము! వీడు బావమరిదియే కాని ప్రళయకాలరుద్రుడు కాడు!"

జిహ్వ కదలలేదు. ముడి బిగిసెను. ట్యూబు తలుపును గోకెను. లోపలినుండి గుండీ సన్నగా మూలిగెను.

"వద్దు," అనెను దర్జీ.

"ఏంటి బావా? ఫ్యాను చప్పుడులో వినపడలేదు."

ఆహా, విధివిలాసము! పుట్టినది మొదలు పలుకని మాటను రెండవమారు పలుకవలసి వచ్చెను. దర్జీ పోయి ఫ్యాను ఆపెను.

"వద్దురా. గుండీకి జత కట్టించను. రేపూ కాదు, ఎప్పుడూ వద్దు. దాని ఎడమ తుంటి బాగాలేదని ఎక్స్‌రే ఫోటోలో తేలింది. పిల్లలకీ వస్తుందంట. అది పోయినా పోవచ్చు. నాకు పిల్లలొద్దు, అది చాలు."

ఇన్ని మాటలు వరుసగా పలికి యాతడు బల్లయంచు పట్టుకొనెను. శత్రువు యొక్క ప్రతిఘాతమునకై కనులు మూసికొని నిరీక్షించెను. బావమరిది బల్లకాలి ముడి విప్పి, ట్యూబును తీసికొనిపోయి వీథిలోని స్తంభమునకు కట్టివచ్చెను. లోపలితలుపు తీసి, నేలపై గొంతుకూర్చుండి, గ్రీజుచేతిని ప్యాంటునకు తుడుచుకొని, గుండీ యెడమకాలిపై మెల్లగ నుంచెను.

"నొప్పిగా ఉంటుందా దీనికి?"

"మెట్లెక్కేటప్పుడు ఉండొచ్చంట."

"ముందే చెప్పొచ్చుగా బావా. నేనేమన్నా పరాయివాడినా? మా ట్యూబు గాడికి కూడా ఆ ఫోటో తీయిస్తా, ఎక్కడ తీస్తారు?" అని, డాక్టరమ్మ ఆసుపత్రి జాడ అడిగి, అక్క యిచ్చిన టీ త్రాగి, లారీ డ్రైవరుకు తానే నచ్చజెప్పుదునని పలికి, వాడు ట్యూబుచే లాగబడుచు వెడలిపోయెను.

దర్జీ బల్లమీద కూలబడి యేడ్చెను. దాచుకొనలేదు. ఇల్లాలు ప్రక్కన కూర్చుండి వీపు నిమిరెను. గుండీ వచ్చి, మిషను ఎందుకాగెనని యాతని ముఖమువంక చూచెను. ఆతడు కనులు తుడుచుకొని పెడలు త్రొక్కగా, అది వెంటనే నిద్రపోయెను.

ఇట్లు, యుద్ధము జరిగినదని ప్రతిపక్షమునకు తెలియకుండగనే ముగిసిన యీ మహాసంగ్రామమునందు, దర్జీ సంపూర్ణ విజయము సాధించెను. గజములు కూలలేదు, రథములు విరుగలేదు, ఒక గ్లాసు టీ మాత్రము ఖర్చయ్యెను. కాన దుందుభులు మ్రోగుగాక! దీనిని శ్రద్ధగ వినువారికి బావమరదులయెదుట గొంతు పెగలును, ఎందుకైన మంచిదని ఫ్యాను ముందే ఆపుకొను బుద్ధి కలుగును. పుట్టని యా కూనలలో నొక్కటియు నేటివరకు కుంటలేదు.