మంచమెక్కిన ఇంజను

అంబలి చల్లారేలోగా ఇంజనుకి గ్రీజు పట్టించేసి బావమరిదికి ఫోన్ చెయ్యాలని ఆ ఉదయం ఈశ్వర్ అనుకున్నాడు. అంతకన్నా సులువైన పని లోకంలో ఇంకోటి లేదన్నట్టు లుంగీ ఎగ్గట్టి కూర్చున్నాడు కూడా.

వేట నిషేధం ఆ రాత్రితో ముగుస్తుంది. తెల్లారితే రేవులో పడవలన్నీ సముద్రం మీద ఉంటాయి. తన పడవ కూడా వెళితే బావమరిది పృథ్వీరాజ్ ఊళ్లోనే ఉంటాడు. లేకపోతే మధ్యాహ్నం విజయనగరంలో రైలెక్కి గుజరాత్ బోట్లలో పనికి పోతాడు. వాడి అన్న కూడా అలాగే పోయాడు. సరిహద్దు దాటాడని పరాయిదేశం వాళ్ళు పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు. ఏడాది తిరిగాక పెట్టెలో వచ్చాడు. రెండో కొడుకునీ అలా పంపితే అత్తగారు తాతమ్మ బతకదని ఈశ్వర్‌కి తెలుసు.

"ఇంజను తిరుగుతాదని ఫోన్ సెయ్యి బావా, స్టేషన్నుంచే ఎనక్కొచ్చేస్తాను. తిరగనేదా, ఎలిపోతాను" అని పృథ్వీరాజ్ పొద్దున్నే సంచి భుజానేసుకుని ఆటో ఎక్కాడు.

పడవ వెనక తగిలించే ఆ ఇంజను రెండు నెలలుగా ఇంట్లోనే, పాత చీర కప్పుకుని, వాళ్ళ దగ్గరుండే తాతమ్మ సంరక్షణలో ఉంది. చీర తీస్తే లోహమంతా ఉప్పుతుప్పు తెల్లగా పూసి ఉంది. పడవని కుడి ఎడమలకి మళ్ళించే మెడ బిగుసుకుపోయింది. దానికి గ్రీజు ఎక్కించే చిన్న బుడిపె, నిపుల్ అంటారు, దానికి గ్రీజు గన్ను తగిలించి నొక్కాడు. ఎక్కలేదు. కాలు తన్నిపెట్టి బలంగా నొక్కాడు. గ్రీజు లోపలికి పోకుండా ఫట్టుమని వెనక్కి చిమ్మి, గోడ మీదున్న పెద్దబావమరిది ఫొటోకి కళ్ళ దగ్గర పడింది.

"ఓలమ్మో! పెద్దోడు కళ్ళు మూసేసుకున్నాడు!" అని తాతమ్మ గుండె బాదుకుంది.

ఈశ్వర్ పిన్నీసుతో నిపుల్ గోకాడు. పచ్చటి పొడి రాలింది. వెనకే ఎర్రటిది.

"ఇదేటత్తా?"

"ఏటంటే? పసుపూ కుంకమా. శుక్రవారం శుక్రవారం నీళ్ళోసి కడిగి, ముద్దుగా ఉన్నాదని దానికే బొట్టెట్టాను. అన్నం పెట్టే నచ్చిమికి బొట్టెట్టకపోతే ఇంకెవులికెట్టమంతావు?"

ఆవిడ మీద అరవలేక ఈశ్వర్ ఆ కోపం నిపుల్ మీద చూపించాడు. పానా పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. తుప్పు పట్టిన ముక్క కదా, టక్కుమని విరిగి, సగం మెడలోనే ఉండిపోయింది. మెకానిక్ నరసింగరావుకి ఫోన్ చేస్తే, "ఇంటికొచ్చి సూడ్డానికి నానేటి కాంపౌండర్నా? షెడ్డుకి తెండి. మద్దేన్నం పెళ్ళి బోజనానికి ఎలిపోతన్నాను" అన్నాడు.

వాడు వెళ్ళిపోకుండా పట్టుకోవడానికి ఈశ్వర్ బండి మీద ముందు దౌడు తీశాడు. ఇసక సందులోకి ఆటో రాదు. ఇంజనుని మడవడానికీ లేదు, మెడ కదలదు కదా. అందుకని భార్య దుర్గాభవాని పక్కింటి మగాళ్ళని నలుగురిని పిలిచి, దాన్ని నులకమంచం మీద పడుకోబెట్టించి, విరిగిన చోట ఇసక పడకుండా తెల్ల పంచె నిండా కప్పింది. మంచం లేచింది. వెనకాలే తాతమ్మ, రైలెక్కబోయే కొడుకుని తలుచుకుని.

"నన్నొగ్గేసి ఎలిపోతన్నావా నాయినా! పెద్దోడి ఎనకాలే నువ్వూనా! ఇంక మా ఇంటికి దిక్కెవులు!"

తల్లిని పొదివి పట్టుకుని దుర్గాభవాని కూడా కళ్ళు తుడుచుకుంటోంది. నలుగురు మోస్తుంటే, ఇంటి ఆడవాళ్ళు ఏడుస్తుంటే, ఈశ్వర్ ఎక్కడా కనిపించకపోతే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? అదే అనుకున్నారు. ఎదురొచ్చినవాళ్ళు చెప్పులు విడిచి వెనక నడిచారు. వల బాగుచేసుకుంటున్నవాళ్ళు వల వదిలేసి వచ్చారు. ఎవరో పుణ్యాత్ముడు పేలాలు కూడా తెచ్చాడు.

షెడ్డు ముందు నిలబడ్డ ఈశ్వర్‌కి ఊరు ఊరంతా తన మీదికే నడిచొస్తున్నట్టు కనిపించింది. అతన్ని చూసి ముందు వరస ఆగిపోయింది. విషయం తెలిశాక కొందరు నవ్వారు, కొందరు పొద్దు పాడుచేశాడని తిట్టారు. బడ్డీకొట్టు ఆయన ఒక్కడే పక్కకి తీసుకెళ్ళి, "బాబూ, మీ బావమరిదికి ఫోన్ సేసీసేను. నువ్వు పోనావని సెప్పీసేను" అన్నాడు.

"ఆడేటన్నాడు?"

"ఏటీ అన్నేదు. ఫోను కట్టయిపోనాది."

ఈశ్వర్ పది సార్లు చేశాడు. స్విచాఫ్. రైలు వేళ దాటిపోయింది. బావ చచ్చాడన్నా వాడు ఆగలేదన్నమాట! ఇంజను సంగతి మరిచిపోయి ఆ మాటే తిప్పి తిప్పి అనుకున్నాడు.

నరసింగరావు విరిగిన చోట కిరసనాయిలు పోసి, "తెల్లార్లూ నానాల, తరవాత మంట సూపించాల" అని మళ్ళీ పంచె కప్పి, అలవాటు చొప్పున దీపాలవేళకి తల దగ్గర రెండు అగరొత్తులు వెలిగించి, ఆలస్యమైందని తిట్టుకుంటూ పెళ్ళి భోజనానికి పోయాడు. ఆడవాళ్ళు ఇంటికి వెళ్ళారు. ఈశ్వర్ ఎదుటి టీకొట్టులో గ్లాసు పట్టుకుని కూలబడ్డాడు.

అప్పుడొచ్చాడు పృథ్వీరాజ్. కొత్తవలసలో రైలు ఆగీ ఆగకముందే దూకేశాడట. దూకుడులో ఫోను పట్టాల మీద ముక్కలైందట. మోకాళ్ళ మీద రక్తం, ఒక కాలికే చెప్పు. మంచాన్ని చూడగానే దాని మీద పడిపోయాడు.

"బావా! నాను ఎలిపోతాననే గదా నీ గుండాగిపోనాది! అన్న పోయాక నన్ను ఎత్తుకు మోసినోడివి నువ్వే గదా బావా!"

ఈశ్వర్ గ్లాసు వదిలేసి పరుగున వెనక్కొచ్చి పిలవబోయాడు.

"గంగమ్మ తల్లి మీదొట్టు బావా! ఇంజను తుప్పట్టితే పట్టనీ. ఈ రేవు దాటి నానెక్కడికీ ఎల్లను. ఎల్లనంటే ఎల్లను!"

ఈశ్వర్ తెరిచిన నోరు మూసుకున్నాడు. మనిషన్నాక కాస్త స్వార్థం ఉంటుంది. ఒట్టు పూర్తయ్యేదాకా ఆగి, "ఇంకోపాలి సెప్పు, అందరూ ఇనాల" అన్నాడు.

పృథ్వీరాజ్ తిరిగి చూశాడు. పంచె లాగి చూశాడు. కాలర్ పట్టుకుని చెయ్యెత్తాడు కూడా. ఎత్తిన చెయ్యి బావ భుజం మీద పడి, భోరుమన్నాడు. ఈశ్వర్‌కీ ఏడుపు ఆగలేదు. చచ్చాక తన గురించి ఎవరైనా అంతలా ఏడుస్తారని అతను ఏనాడూ అనుకోలేదు. ఎవరు చెప్పారో తాతమ్మ పరుగున వచ్చి కొడుకు చొక్కా గుప్పిట పట్టుకుంది. "నడుసుకుంటొచ్చాడు. నా కొడుకు నడుసుకుంటొచ్చాడు" అని అందరికీ చెబుతూనే ఉంది, చొక్కా మాత్రం వదల్లేదు.

తెల్లారి పడవలన్నీ వేటకి వెళ్ళాయి, వీళ్ళది తప్ప. పరామర్శకని సాలూరు నుంచి లారీలో వచ్చిన చుట్టాలు, ఈశ్వర్ బతికే ఉన్నాడని తెలిసి కొంచెం నొచ్చుకుని, భోజనాలు చేసి వెళ్ళారు.