వంటింటి వాటాకు వచ్చిన కిటికీ

మాకో ఇత్తడి కొక్కెం ఉంది, చొక్కా తగిలించుకునేది. కొత్త ఇంట్లో అది హాల్లో ఉండాలా, పడకగదిలో ఉండాలా అని నిన్న పొద్దున మా మామగారు వెంకటకృష్ణయ్య గారికీ, మా మరిది జగన్నాథరావుకీ మాటా మాటా పెరిగింది.

"మా నాన్న కండువా తగిలించిన కొక్కెంరా అది! సావిట్లోదే."

"పడుకోబోయే ముందు కదా తాత కండువా తీసేది? పడకగదిదే!"

నవ్వకండి. కొత్త ఇంటికి ఇంతకన్నా భాగ్యం ఏముంది? నా మాట వినండి. ఇల్లు కట్టించుకుంటే ఇంజనీరుని మాట్లాడనివ్వకండి. ఇంటిల్లిపాదీ కలిసి డిజైన్ చెయ్యండి!

పూర్వం ఇంజనీరంటే ప్లాను చుట్ట చంకలో పెట్టుకొచ్చి, ఇక్కడ గోడ, ఇక్కడ గుమ్మం అని శాసించేవాడు. మా రామబ్రహ్మం గారు అలాంటి ఇంజనీరు కాదు. తెనాలిలో మా స్థలం చూడ్డానికి వచ్చిన రోజే చెప్పేశారు: "ఉండేది మీరండి. మీరు చెప్పండి, నేను గీస్తాను." ఎంత వినయం! మా వారు చెప్పారు. మామగారు చెప్పారు. మరిది చెప్పాడు. రేపల్లె నుంచి ఏదో పని మీద వచ్చిన వడ్ల వ్యాపారి కూడా కాఫీ తాగి, మెట్లు ఎటుండాలో చెప్పి వెళ్లాడు. రామబ్రహ్మం గారు అన్నిటికీ "అవునండి" అన్నారు. ఆయన రబ్బరు అరిగింది గాని ఓపిక అరగలేదు.

జగన్నాథరావు బాపట్లలో చదువుతున్నాడు. దేన్నీ వృథా చెయ్యరాదని ఎవరో ఉపన్యాసమిస్తే విని వచ్చాడు. చెరుకుపల్లిలో మా పాత పెంకుటిల్లు విప్పిస్తూ కొత్త కలప కొనడం భూదేవికి ద్రోహం అన్నాడు. కలప ధర తెలిసిన మామగారికి వెంటనే భూదేవి మీద భక్తి కుదిరింది. తగాదాలు రాకుండా ఒక సూత్రం పెట్టుకున్నారు: తలుపైనా, కిటికీ అయినా, కొక్కెమైనా పాత ఇంట్లో ఏ గదిదో, కొత్త ఇంట్లో ఆ గదికే.

ఇంట్లో దిగి నెల కాలేదు, అప్పుడే ఎన్ని లాభాలో! పాత వీధి గుమ్మం పొట్టిది. ఇప్పుడు ఎంత గొప్పవాడైనా మా ఇంటికి తల వంచుకునే రావాలి. వంచనివాడికి గుమ్మమే బుద్ధి చెబుతుంది. పాత ఇంట్లో స్నానాలగది లేదు. అందుకని కొత్త స్నానాలగదికి పశువుల కొట్టం తలుపు మిగిలింది. కింద జానెడు ఎడం. లోపలున్నది ఎవరో పాదాలు చూసి పోల్చుకోవచ్చు, తలుపు కొట్టే శ్రమ లేదు!

పాత సావిట్లో మగవాళ్లు కూర్చునేవారు కనక కిటికీలన్నీ అక్కడే ఉండేవి. ఇప్పుడవన్నీ హాలుకి వచ్చాయి. ఆ గాలికి మా వారు పేపరు మీద రాళ్లు పెట్టుకుని చదువుకుంటున్నారు.

నేనడిగింది ఒక్కటే, పొయ్యి దగ్గర ఒక కిటికీ.

"పాత వంటింట్లో కిటికీ ఉందా వదినా?" అన్నాడు జగన్నాథరావు.

"లేదు."

"మరి!"

రామబ్రహ్మం గారి వైపు చూశాను. "అందరి అభిప్రాయమూ అదే కదండి" అన్నారు. అందరూ అంటే ఎవరెవరో చూసుకోవడం ఈ కాలపు ఇంజనీరు పని కాదు కాబోలు.

న్యాయమే. ఆ వంటింట్లో పొగ మింగీ మింగీ మా అత్తగారు దగ్గుతోనే పోయారు. పాత ఇంటి సొత్తు ఏదీ వృథా కాకూడదు కదా? ఇప్పుడా దగ్గు నాకొచ్చింది.

నిన్న మధ్యాహ్నం రామబ్రహ్మం గారిని కూడా భోజనానికి పిలిచారు. అందరికీ పప్పు వడ్డించాక, ఆలోచన చెప్పనిది నేనొక్కదాన్నే అనిపించి చెప్పాను.

"రేపట్నుంచి పొయ్యి హాల్లో పెడుతున్నాను."

"ఏంటి?" మా వారి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"పొయ్యికి కిటికీ కావాలండి. కిటికీలు వంటింట్లోకి రావు. అందుకని పొయ్యే వాటి దగ్గరికి వెళుతుంది."

రామబ్రహ్మం గారు అలవాటు కొద్దీ "అవునండి" అనేసి, నాలిక కరుచుకున్నారు.

"మరి నలుగురూ వస్తే ఎక్కడ కూర్చోబెడతావమ్మా?" అన్నారు మామగారు.

"వంటింట్లో కూర్చోబెడదాం మామయ్యగారూ. ఖాళీగానే ఉంటుంది కదా."