పేటకు బయల్దేరిన సముద్రం

ఆ ఉదయం ఉదయభాస్కర్ మనసులో ఉన్నది చిన్న పథకమే. నందిగామ కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఆయన, జగ్గయ్యపేటలో తన ఇంటి డాబా మీద ఒక యంత్రం బిగించాడు. ఉప్పునీటిని ముందు ఎండకు కాచి, ఆ తర్వాతే హీటరు వేస్తే తక్కువ కరెంటుతో మంచినీళ్లు వస్తాయని ఆయన నమ్మకం. మధ్యాహ్నం దాన్ని చూడ్డానికి వచ్చే ప్రభుత్వ కమిటీ మెచ్చితే బందరులో ఇలాంటిదే పెద్దది పెడతారు. లేకుంటే ఏళ్ల శ్రమ అటకెక్కినట్టే. కావలసిందల్లా కాస్త సముద్రపు నీరు. దానికోసం డ్రైవరు దేవరాజ్‌ను తెల్లవారకముందే బందరు పంపాడు.

టీకొట్టు దగ్గర ఉండగా దేవరాజ్ ఫోను చేశాడు. సిగ్నలు సరిగా లేక ఉదయభాస్కర్ గొంతు పెంచాడు.

"ఏంటీ, సముద్రం బయల్దేరిందా? మధ్యాహ్నానికల్లా పేటకొచ్చెయ్యాలి!"

పక్కనే టీ తాగుతున్న స్థలాల బ్రోకరు భవానీప్రసాద్ గ్లాసు కింద పెట్టేశాడు. కాసేపట్లో ఊరందరి ఫోన్లలో "పేటకు సముద్రం! బీచ్ పక్కనే ప్లాట్లు!" అన్న ప్రకటన వాలింది.

అది చూసి మిరప రైతు బ్రహ్మయ్యకు గుండె ఆగినంత పనైంది. "ఉప్పునీళ్లొస్తే నా తోటేం కావాలి?" అంటూ ఊళ్లోవాళ్లను వెంటేసుకుని చిల్లకల్లు దగ్గర హైవేకి అడ్డంగా కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే దేవరాజ్ వ్యాను వచ్చి ఆగింది.

"డ్రమ్ముల్లో ఏంటయ్యా?" అడిగాడు బ్రహ్మయ్య.

"సముద్రమండి," అన్నాడు దేవరాజ్ అమాయకంగా.

మరుక్షణం సముద్రం రోడ్డు పక్క కాలవపాలైంది. ఎక్కణ్ణుంచో ఊడిపడ్డ ఒక నాయకుడు వ్యానెక్కి, "నా ఊపిరున్నంత వరకు సముద్రాన్ని చిల్లకల్లు దాటనివ్వను!" అని గర్జించాడు. సముద్రాన్ని ఆపినందుకు ఆయనకు అక్కడే శాలువా కప్పారు.

ఖాళీ డ్రమ్ములు చూసి ఉదయభాస్కర్ మెట్ల మీద కూలబడ్డాడు. "కమిటీవాళ్లు వీధి మొదట్లోకి వచ్చేశారు మహతీ. ఇప్పుడేం చెయ్యను?"

"ముందు యంత్రం తొట్టిలో మన బోరునీళ్లు పొయ్యండి. వాళ్లొచ్చాక నిజం చెప్పేద్దాం," అంది భార్య.

ఆ నిజం చెప్పడానికి ఆయన నోరు తెరిచేలోపే కమిటీ అధ్యక్షురాలు రాజ్యశ్రీ తొట్టిలోంచి చెంచాడు నీళ్లు తీసి నాలుక మీద వేసుకుని, మొహం వికారంగా పెట్టింది.

"అబ్బో, అసలైన సముద్రపు నీళ్లే! బందరువేనా?"

"కాదండి, మా బోరువి," అన్నాడు ఆయన తల దించుకుని. "మా వీధంతా ఇవే తాగుతాం."

కమిటీ మొహమొహాలు చూసుకుంది. ఎండ ఇంకా మండుతూనే ఉంది. కొంతసేపటికి యంత్రం గొట్టం నుంచి మంచినీరు సన్నగా జారింది. కరెంటు మీటరు మాత్రం తిరిగీ తిరగనట్టుంది. పెద్ద యంత్రం బందరులో కాదు, ముందు ఈ వీధిలోనే పెట్టిస్తామని రాజ్యశ్రీ అక్కడికక్కడే మాటిచ్చింది.

ఉదయభాస్కర్‌కు కళ్లు చెమర్చాయి. "కాఫీ అయినా తాగి వెళ్లండి," అని బతిమాలాడు.

"ఏ నీళ్లతో పెడతారండీ?" అని మాత్రం అడిగి, కమిటీ కారెక్కింది.