ఎముకల సూపు, పక్క సీటు బ్రేకు

కళ్ళజోళ్ళ కొట్టాయన ఎముకల సూపు చేస్తానని ప్రకటించినప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అదే ఆయన్ని బాధపెట్టింది. నవ్వితే వాదించి గెలవచ్చు. భార్య మాత్రం, "మంచిదేనండీ. స్టవ్ ఎటు తిప్పితే వెలుగుతుందో తెలుసుగా?" అంది.

ఆవిడ డ్రైవింగ్ నేర్పుతుంది. కొత్తవాళ్ళు ఎప్పుడు ఏ పెడల్ తప్పు తొక్కబోతున్నారో వాళ్ళకంటే ముందు ఆవిడ కాలికి తెలుస్తుంది. నేర్పే కారులో ఆవిడ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. పెళ్ళయిన దగ్గర్నించి తాను లైసెన్సు రాని విద్యార్థిలాగే బతుకుతున్నానని ఆయనకి లోలోపల ఒక అనుమానం.

అసలు బాధ సూపు గురించి కాదు, కూతురు పిచ్చిక గురించి. జ్వరం తగ్గినా పిల్ల అన్నం ముట్టడం లేదు. తల్లి పెడితే ఏదో కాస్త తింటోంది. తండ్రి చెంచా పట్టుకొస్తే మొహం గోడవైపు తిప్పేసుకుంటోంది. తనకంటే ఆ గోడలో ఏముందా అని ఆయన ఒకరోజు ఎదురుగా కూర్చుని పరీక్షగా చూశాడు కూడా. ఎముకల సూపు పిల్లలకి బలమని ఎవరో కస్టమరు అద్దాలు మార్పించుకుంటూ చెప్పేసరికి ఆయనకి దారి దొరికినట్టయింది.

మాంసం కొట్లో వట్టి ఎముకలే కావాలన్నాడు.

"కుక్క బాగా పెద్దదాండీ?" అన్నాడు కొట్టతను.

"పిల్లలకి."

కొట్టతను ఆయన్ని ఎగాదిగా చూసి, జాలిపడి ఇంకో బొమిక వేశాడు.

సెలవురోజు పొద్దున్నే పెద్ద గిన్నె ఎక్కింది. ఉల్లిపాయలు, క్యారట్లు, అల్లం ముక్క పడ్డాయి. నురుగు తేలినప్పుడల్లా ఆయన గరిటెతో తీస్తూ, పసిబిడ్డ మూతి తుడిచినట్టు గిన్నె అంచు తుడిచాడు. కొడుకు వచ్చి వాసన చూశాడు. వాడు దేనిమీదైనా తీర్పు చెప్పందే వదలడు కాబట్టి వాడి పేరు జడ్జి.

"ఇంకా ఎంతసేపు నాన్నా?"

"సాయంత్రం దాకా. ఎముకలో ఉన్న సారమంతా నీళ్ళలోకి దిగాలి. ఆ తర్వాత ఎముకలు వట్టి పిప్పి. ఆ నీళ్ళే అసలు. ఒక్క చుక్క పారబోయకూడదు."

ఈ ఉపన్యాసం ఆయన మధ్యాహ్నం భార్యకీ ఇచ్చాడు. ఆవిడ అప్పుడే పాఠం చెప్పి వచ్చింది.

"ఇంకా ఉడుకుతోందా? మా స్టూడెంటు ఈపాటికి రెండో గేరు నేర్చేసుకుందండీ."

"నువ్వు మూత తియ్యకు."

"తియ్యనులెండి. వడకట్టేటప్పుడు పిలవండి."

"ఆ మాత్రం నాకు తెలీదా?"

"మీకు తెలుసు. మీ చేతికి తెలుసా అని."

ఆ మాట ఆయన పట్టించుకోలేదు. నిజానికి పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఆయనకి వంటింట్లో ఒకే ఒక పని అప్పగించింది. వార్చడం. అన్నమైనా బంగాళాదుంపలైనా ఉడగ్గానే చిల్లుల గిన్నెలో పోసి, నీళ్ళు సింకులోకి వదిలెయ్యడం. ఇన్నేళ్ళలో ఒక్క మెతుకు జారనివ్వలేదు. ఇంట్లో ఆయనకున్న కీర్తి అంతా అదే.

సాయంత్రం స్టవ్ ఆపాడు. "చిల్లుల గిన్నె సింకులో పెట్టానండీ" అని ఆవిడ పెరటి గుమ్మంలోంచి చెప్పింది. ఆయన గుడ్డలతో గిన్నె ఎత్తాడు. ఆవిరి కళ్ళద్దాల మీద పరుచుకుంది. పదిమందికి చూపు సరిచేసే మనిషికి లోకమంతా తెల్లబడింది. అయినా చెయ్యి తడబడలేదు. అలవాటైన వంపు, అలవాటైన చప్పుడు. ఆఖరి చుక్క దాకా వంచి, ముందుగదిలోకి వెళ్ళి తీరిగ్గా అద్దాలు తుడుచుకుని వచ్చాడు.

చిల్లుల గిన్నెలో ఎముకలు నిగనిగలాడుతున్నాయి. దాని కింద సింకు ఖాళీ.

ఒక్క ముక్క కూడా జారలేదని ముందు ఆయనకి గర్వం కలిగింది. ఆ తర్వాతే సారమంతా సింకు తూములోకి పోయిందని అర్థమైంది.

"అయిందాండీ?" అని పెరట్లోంచి వినిపించింది.

"అయింది" అన్నాడు. అది అబద్ధమేమీ కాదు.

తప్పు చేసిన మనసు లాయర్ని పెట్టుకోడానికి ఎంతోసేపు పట్టదు. ఎముకల్లో ఇంకా ఎంతో కొంత సారం మిగలకుండా ఉంటుందా, అన్నాడు లోపలి లాయరు. వాటిని మళ్ళీ గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, మరిగించి, ఉప్పు, మిరియాలు, చిటికెడు పసుపు, ఒక వెన్నముక్క వేశాడు. రంగొచ్చింది. రంగొస్తే సగం వచ్చినట్టే అనుకున్నాడు.

"పొద్దుట్నించీ నిలబడ్డారు, కూర్చోండి. నేను పోసి తెస్తాను" అంది భార్య. కప్పులు తెచ్చి పిచ్చిక కప్పు ఆయన చేతికే ఇచ్చింది. "దానికి మీరే పట్టండి."

ఆయన చెంచా ముంచి పట్టాడు. పిచ్చిక వాసన చూసింది. గోడవైపు చూసింది. మళ్ళీ ఇటు తిరిగి నోరు తెరిచింది.

ఒక చెంచా, ఇంకో చెంచా. పిల్ల ఆయన మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంటోంది. ఎన్నాళ్ళుగానో కోరుకున్న క్షణం వచ్చింది. అది పసుపునీళ్ళతో వచ్చింది. ఆనందపడాలో సిగ్గుపడాలో తెలియక ఆయన ఇంకో చెంచా ముంచాడు.

"బాగుంది. చాలా బాగుంది" అని జడ్జి తీర్పిచ్చాడు.

ఆయన తన కప్పు రుచి చూశాడు. వేడినీళ్ళు. మరి పిల్లలకి ఎలా నచ్చింది? అంతా నమ్మకంలో ఉంది కాబోలు.

"మీది ఎలా ఉందండీ?" అంది భార్య.

"అమృతంలా ఉంది. పొద్దుట్నించీ ఉడికిన సారం కదా."

జడ్జి చెయ్యి చాపి ఆ కప్పులోంచి ఒక గుక్క తాగాడు. "నాన్నా, నీది వట్టి వేడినీళ్ళు."

పిచ్చిక ఖాళీ కప్పు చాపింది. "ఇంకా కావాలి. నాన్న చేసిందే కావాలి."

"నాన్న చేసిందేనమ్మా" అంటూ భార్య పెరటి గట్టు మీంచి మూతపెట్టిన ఇంకో గిన్నె తెచ్చింది. మూత తియ్యగానే పొద్దుట్నించీ ఆయన కాపలా కాసిన వాసన గదంతా నిండింది.

"అదెక్కడిది?"

"చిల్లుల గిన్నె కింద పెట్టానండీ. మీరు అద్దాలు తుడుచుకునేలోగా తీశాను."

"నేను పారబోస్తానని నీకెలా తెలుసు?"

"పక్క సీట్లో కూర్చుని ఇన్నేళ్ళయింది. ఆ మాత్రం బ్రేకు ఉండదా?"

ఆయనకి కోపం రావాల్సింది. వెతికి చూసుకుంటే ఎక్కడా కనపడలేదు. పిచ్చిక కప్పు మళ్ళీ నిండింది. తన కప్పు కూడా ముందుకు జరిపాడు.

"ముందు అందులోది తాగండి" అంది ఆవిడ మూత పెట్టేస్తూ. "ఒక్క చుక్క పారబోయకూడదన్నారుగా."

కళ్ళజోళ్ళ కొట్టాయన అమృతమంతా తాగాడు.