అండమాన్ సామాను

జనగామలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే కైలాసం సేటు ఆ రోజు పొద్దున్నే లేచి, పళ్లు తోముకుంటూ, "అలలు ఎట్లుంటయో ఏమో" అన్నాడు. అని, నల్లా నీళ్లు పుక్కిలించి ఉమ్మాడు. వంటింట్లోంచి భార్య జానకి ఆయనవైపు ఒక చూపు చూసి ఉప్మా కలపడంలో పడింది.

ఈ అలల పిచ్చికి మూలం భూపాలపల్లిలో ఉంది. అక్కడ బట్టల దుకాణం పెట్టుకున్న తోడల్లుడు ఉపేందర్ కిందటేడు సింగపూర్ పోయొచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక ఫోటోలు చూపించాడు. అప్పటినుంచి కైలాసం సేటుకు తిన్నది ఒంటబట్టడం లేదు. పోవాలి. అంతకంటే దూరం పోవాలి. కానీ ఖర్చు కాకూడదు. ఈ రెండూ కలిసే దారి లేక కుమిలిపోతున్న రోజుల్లో, ఆదివారం పేపర్లో ఒక వ్యాసం ఆయన కంటపడింది. తెల్లవాళ్లు వీపుకు సంచి తగిలించుకుని దీవి నుంచి దీవికి తిరుగుతారట. చెట్టు కింద పడుకుంటారట. దొరికింది వండుకుంటారట. లోకంలో పిసినారితనానికి ఇంత గౌరవమైన పేరు ఒకటుందని ఆయనకు అంతవరకు తెలియదు.

"అండమాన్ పోదాం" అన్నాడు ఆ పూటే. జానకి నవ్వింది గానీ వద్దనలేదు. ఆమె ఇంతవరకు సముద్రం చూడలేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగితే, సీజన్ అయిపోనీ అన్నాడు. ఆ సీజన్ ఇప్పటికీ అయిపోలేదు. అందుకే మొగుడి మాట మీద నమ్మకం లేకపోయినా, ఓడ టికెట్లు తెచ్చిన నాటినుంచి లోపల ఒక చిన్న ఆశ పెట్టుకుంది. ఆ సంగతి ఆయనకు తెలియనియ్యలేదు. తెలిస్తే దానికీ బేరం పెడతాడు.

అప్పుడు సకల జనుల సమ్మె నడుస్తున్నది. ఆఫీసులు బంద్, బడులు బంద్, బస్సులు డిపోల్లోనే. బజారంతా షట్టర్లు దించి ఉంది. ఊరంతా తెలంగాణ కోసం రోడ్ల మీద ఉంటే, కైలాసం సేటుకు మాత్రం అది దేవుడిచ్చిన సెలవులా కనపడింది. "దుకాణం ఎట్లయిన బందే. రైల్ రోకో ఎల్లుండి నుంచంట. ఇయ్యాల బండెక్కితే మనం మద్రాసుల ఉంటం" అన్నాడు.

ఇక సామాను. డేరా కొనడం దండగని రెండు పొడుగాటి వెదురు కట్టెలు, ఒక కొబ్బరితాడు, తానులోంచి చింపిన తెల్లటి కొత్త గుడ్డ కట్టగట్టాడు. నీళ్లకు దుకాణంలోంచి స్టీలు బిందె తీస్తే సరుకు తగ్గుతుందని కొత్త మట్టికుండ ఒకటి తెచ్చాడు. గ్యాసునూనె, అంటే కిరోసిన్, రైల్లో తేనియ్యరు కాబట్టి, పక్కింటి బర్రె పుణ్యాన ఒక సంచీడు పిడకలు. టైలర్‌తో కుట్టించిన టార్పాలిన్ సంచులు రెండు, ఒకటి ఆయన వీపుకు, ఒకటి ఆమె వీపుకు.

"గిదేందయ్యా, మనం సముద్రం చూడవోతున్నమా, ఇల్లు ఖాళీ చేస్తున్నమా?" అంది జానకి.

"నీకు తెల్వది. తెల్లోళ్లు గిట్లనే పోతరు."

"తెల్లోళ్లు పిడకలు మోస్కపోతరా?"

"ఆళ్లకు బర్రెలు లెవ్వు" అన్నాడు కైలాసం సేటు, జాలిగా.

సరిగ్గా అప్పుడే వర్తక సంఘం కార్యదర్శి పోశాలు వచ్చాడు. చొక్కాకు నల్ల బ్యాడ్జి, గొంతులో వారం రోజుల నినాదాల బొంగురు. "సేటూ, ఇయ్యాల రిలే దీక్షల మీ పేరున్నది. శిబిరం కాడికి నడువుండ్రి" అన్నాడు.

వీపుకు సంచి తగిలించుకుని గడపలో నిలబడ్డవాడు దీవులు చూడబోతున్నానని ఎట్లా చెప్తాడు? కైలాసం సేటు ముఖం వేలాడదీశాడు. "ఏం జెప్పాలె పోశాలన్నా. మా అత్తకు జర సీరియస్ ఉన్నది. మానుకోట పోతున్నం."

జానకి తల్లి అండాలమ్మ ఉండేది మహబూబాబాద్‌లోనే. ఊళ్లవాళ్లు మానుకోట అంటారు. కానీ ఆమెకు సీరియస్ అనేది ఎన్నడూ లేదు. డెబ్బై దాటినా పచ్చిశనగలు కొరికే మనిషి. జానకి నోరు తెరవబోయేలోపు పోశాలు చూపు సామాను మీద పడింది. వెదురు కట్టెలు చూశాడు. తాడు చూశాడు. తెల్లగుడ్డ, కొత్తకుండ, పిడకల సంచి చూశాడు. నెత్తిమీది టోపీ మెల్లగా తీశాడు.

"గంత దాకా వచ్చిందా సేటూ?" అన్నాడు గొంతు తగ్గించి.

"వచ్చింది" అన్నాడు కైలాసం సేటు, బండికి టైమవుతున్నదన్న ఆరాటంలో.

పోశాలు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలి, కళ్లు తుడుచుకుంటూ పోయాడు. జానకి తలుపు దగ్గరికేసి, "మా అవ్వ ఏం పాపం చేసిందని ఆమె మీద వెడ్తివి? నీ అవ్వ మీద వెట్టుకోరాదూ?" అంది.

"మా అవ్వ పోయి ఎన్నేండ్లాయె! ఎవలు నమ్ముతరు?" అన్నాడాయన.

కాజీపేటలో మద్రాసు బండి ఎక్కారు. కట్టెలు లోపల పట్టక కిటికీలోంచి ఏటవాలుగా బయటికి పెట్టాడు. కుండ ఒళ్లో పెట్టుకున్నాడు. ఎదురు సీట్లో ఉన్న ఆవిడ పిల్లను దగ్గరికి లాక్కుని లేచి అవతలికి పోయింది. ఒక ముసలాయన కట్టెలను చూసి, చేతులు జోడించి దాటిపోయాడు. చూస్తుండగానే చుట్టూ సీట్లన్నీ ఖాళీ అయినయి.

"చూసినవా, ఎంత జాగ దొరికిందో" అని కైలాసం సేటు కాళ్లు చాపుకున్నాడు.

మహబూబాబాద్ రాగానే బండి ఆగింది. ఆగడం కాదు, ఆపేశారు. ఎల్లుండి దాకా ఆగే ఓపిక మానుకోటవాళ్లకు లేకపోయింది. పట్టాల మీద జనం బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. కైలాసం సేటు తల బయటికి పెట్టి చూస్తుంటే ప్లాట్‌ఫారం మీద నుంచి పదిమంది సూటిగా వీళ్ల డబ్బా దగ్గరికి వచ్చారు. ముందున్నవాడు హరిలాల్. తండా నుంచి వచ్చి ఊళ్లో ఎరువుల దుకాణం పెట్టి, ఇప్పుడు ఇక్కడి దీక్షా శిబిరాన్ని నడిపిస్తున్న మనిషి.

"జానకక్కవు నువ్వేనా? దిగు అక్కా. ధైర్నం జేస్కోవాలె" అన్నాడు.

"ఎందుకన్నా? ఏమైంది?"

"పోశాలన్న పొద్దుగాల్నే ఫోన్ జేసిండు. అవ్వ పోయిందంట గద. మాకు జనగామ నుంచి తెల్సుడేంది, సిగ్గనిపిచ్చింది. మనిషిని తోలితిమి, ఇంటికి తాళమున్నది. దవాఖాన్లనే ఉంచినట్టున్నరు."

అది అబద్ధమని జానకికి తెలుసు. కానీ ఎదుట నిలబడి చెప్తున్నవాడు అబద్ధమాడేవాడిలా లేడు. ఇంటికి తాళం ఉన్నదట. తల్లి ఏనాడు పగటిపూట తాళం వేసింది? ఆమె మెల్లగా మొగుడి వైపు తిరిగింది. "నీ నోట్ల మన్నువడ. పొద్దుగాల అంటివి, పొద్దూకకముందే నిజం జేస్తివి" అని అక్కడే కూలబడి ఏడ్చింది.

కైలాసం సేటు కూడా నమ్మాడు. తన నాలుకకు ఇంత బలం ఉందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. జీవితంలో మొదటిసారి తప్పు చేశానన్న బాధ కలిగింది. కలిగి, ఓడ టికెట్లు వాపసు తీసుకుంటారో లేదో అన్న ఆలోచన రాగానే వెళ్లిపోయింది.

హరిలాల్ మనుషులు డబ్బాలోకి ఎక్కి సామాను దించారు. కట్టెలు చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అల్లుడంటే గిట్లుండాలె. దుకాణాలు బంద్ ఉన్నయని ముందే ఎరుక జేస్కోని, పాడె కట్టెలు, కుండ, గుడ్డ, ఆఖరికి పిడకలు గూడ మోస్కొచ్చిండు" అన్నాడు హరిలాల్ కళ్లనీళ్లతో.

అవి డేరా కట్టెలని చెప్పడానికి కైలాసం సేటు నోరు తెరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా తనను మెచ్చుకుంటున్నారు. నోరు మూసుకున్నాడు.

పట్టాల దగ్గర ఉద్యమానికి డప్పు కొడుతున్న ఇద్దరు దరువు మార్చి ముందు నడిచారు. కట్టెలు ఇద్దరు భుజాన వేసుకున్నారు. కుండ అల్లుడి చేతికే ఇచ్చారు. జానకిని ఇద్దరు ఆడవాళ్లు పట్టుకున్నారు. దారి పొడుగునా జనం కలుస్తూ, ఊళ్లోకి వచ్చేసరికి అది పెద్ద ఊరేగింపయింది.

మూలమలుపు దగ్గర వంటావార్పు జరుగుతున్నది. నడిరోడ్డు మీద రాళ్లపొయ్యిలు పెట్టి ఊరంతటికీ వండుతున్నారు. అన్నిటికంటే పెద్ద గంజు ముందర, కొంగు నడుముకు చుట్టి, గంటెతో పప్పుచారు కలుపుతున్న ముసలమ్మ డప్పు చప్పుడు విని ఆగింది. వెనకాల నడుస్తున్నవాణ్ని పిలిచి అడిగింది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

"కోమటోళ్ల అండాలమ్మంట అవ్వా."

"అయ్యో" అంది అండాలమ్మ, అలవాటు కొద్దీ. అని, రెండుసార్లు గంటె తిప్పి, "ఏ అండాలమ్మరా?" అని గట్టిగా అరిచింది.

ఆ గొంతు జానకి చెవిన పడింది. పట్టుకున్నవాళ్లను విడిపించుకుని, జనంలోంచి తోసుకుని వచ్చి, గంటె గింటె చూడకుండా తల్లిని వాటేసుకుంది. తల్లి చీరకు పొగ వాసన, చింతపులుసు వాసన. అంత మంచి వాసన జానకి ఎన్నడూ చూడలేదు.

"ఏమైందే? ఎవలేమన్నరు నిన్ను?" అంటూ అండాలమ్మ కూతురి భుజం మీదుగా చూసింది. కుండ పట్టుకుని అల్లుడు. అల్లుడి వెనకాల పాడె కట్టెలు.

డప్పు ఆగిపోయింది. అదే సమయంలో ఒక జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. పోశాలు భూపాలపల్లిలో ఉపేందర్‌కు కూడా ఫోన్ చేశాడు. అక్కడి నుంచి ఇక్కడి దాకా అడ్డుపెట్టిన ప్రతిచోటా చావు మాట చెప్పి, దండం పెట్టించుకుని దాటి వచ్చారు. జానకి చెల్లెలు సుమన శోకం పెడుతూ దిగింది. ఉపేందర్ బండి చక్రమంత పూలదండ పట్టుకుని దిగాడు. దిగి, గంటె పట్టుకుని నిలబడ్డ అత్తను చూసి, దండను ఏం చెయ్యాలో తెలియక వెనక్కి దాచాడు. తర్వాత కైలాసం సేటును చూశాడు.

"ఏందన్నా, నువ్వు ఇయ్యాల అండమాన్ పోవుడు గద? మొన్న ఫోన్ల అంతసేపు జెప్తివి. సింగపూర్ ఏం మూలకంటివి?"

కైలాసం సేటు కుండను కడుపుకు హత్తుకున్నాడు. హరిలాల్ ఒకసారి ఆయన వీపుమీది సంచిని, ఒకసారి కట్టెలను చూశాడు. "మరి గీ కట్టెలేంది సేటూ?"

జానకి కళ్లు తుడుచుకుని తనే చెప్పింది. "డేరాకు."

"కుండ?"

"నీళ్లకు."

"పిడకలు?"

"అండమాన్ల అన్నం వండనీకె. జనగామల దీక్షకు రమ్మంటే మా అవ్వను సంపి బండెక్కిండు."

ముందు డప్పాయన నవ్వాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. సుమన శోకం మధ్యలో ఆపి అక్కను పట్టుకుని నవ్వింది. నవ్వనిది ఇద్దరే, అల్లుడు, అత్త. అండాలమ్మ గంటె పక్కన పెట్టి, ఉపేందర్ వెనక దాచిన దండ లాక్కుని, కైలాసం సేటు మెడలో వేసింది. "నాకే తెచ్చిండ్రు గని, నీకే మంచిగ కుదిరింది అల్లుడా" అంది.

"జనగామల ఎగ్గొట్టిన దీక్ష మానుకోటల చెల్లుతది సేటూ, కూసో" అన్నాడు హరిలాల్.

శిబిరం పక్కనే ఆ కట్టెలు పాతి, ఆ తెల్లగుడ్డ కట్టి కూర్చోబెట్టారు. ఒక్క పూటతో లేవచ్చు. కానీ రైళ్లు లేవు, బస్సులు లేవు, అత్త వండి పెట్టనన్నది. రోకో ఎత్తేసేదాకా కైలాసం సేటు ఉద్యమకారుడిగానే ఉండిపోయాడు. ఓడ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అండాలమ్మ కూతుర్ని అడిగింది. "ఏముందే గాడ?"

"సముద్రమవ్వా. దీవులు."

"నీకు సూడాల్నని ఉండెనా?"

జానకి తల ఊపింది. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరైనా అడగడం ఇదే మొదలు.

"రామేశ్వరం గూడ దీవేనాయె. మనోళ్ల సత్రమున్నది. గాడికి పోనీకె గింత సామానెందుకే?"

రైళ్లు నడవగానే తల్లీకూతుళ్లు ఒక చేతిసంచితో బయల్దేరారు. సత్రంలో పడుకున్నారు, గుడి దగ్గర పెట్టింది తిన్నారు, లారీలో ఎక్కి ధనుష్కోటి దాకా పోయారు. అక్కడ రెండువైపులా నీళ్లే. జానకి మోకాళ్ల దాకా దిగి, చీర తడుస్తున్నా కదలకుండా చాలాసేపు నిలబడింది. అలలు కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంటే చిన్నపిల్లలా భయపడింది, నవ్వింది. "గీ ఉప్పునీళ్ల కోసమానే నన్ను సంపిండు" అని గొణుగుతూనే అండాలమ్మ కూడా చీర ఎత్తి పట్టుకుని పక్కన దిగింది.

మానుకోటలో జరగాల్సింది అంతకుముందే జరిగింది. ఒక విలేకరి శిబిరం దగ్గరికి వచ్చి, ఎవరో చెప్పింది సగం విని, పెద్ద దండ వేసుకుని కూర్చున్న కైలాసం సేటును ఫోటో తీసుకుపోయాడు. అత్త మరణాన్ని దిగమింగి దీక్షలో కూర్చున్న జనగామ వర్తకుడని పేపర్లో పడింది. సేటు జనగామకు వచ్చేసరికి పోశాలు సన్మానసభ పెట్టి, శాలువా కప్పి, వెక్కివెక్కి ఏడ్చాడు. నిజం చెప్పడానికి మైకు చేతిలోనే ఉంది. కైలాసం సేటు గొంతు సవరించుకుని, ప్రత్యేక రాష్ట్రం గురించి అండాలమ్మ ఆఖరి నిమిషంలో తనతో అన్న మాటలు వివరంగా చెప్పాడు. సభ లేచి నిలబడి మౌనం పాటించింది.

అండాలమ్మ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు బతికింది. జనగామకు వచ్చినప్పుడల్లా బజారువాళ్లు ఆమెను స్వర్గస్థురాలి చెల్లెలనుకుని కుర్చీ వేసేవారు.