మొరటు చేతికి జేజేలు

పాఠకులారా, సైన్సును ముందుకు నడిపేది మేధస్సు కాదు, మొరటు చెయ్యి! నమ్మరా? అయితే ఒక్కసారి టొరాంటోలో మా ల్యాబ్ బేస్‌మెంటుకు దయచేయండి.

అక్కడ నేను, నోరా పెల్టియర్ అనే దాన్ని, మూడేళ్లుగా కొలిమిలో రుథీనియం క్లోరైడ్ స్ఫటికాలు పెంచుతున్నాను. గోరంత నల్ల ముక్కలు, పూతరేకుల్లా పొరలు పొరలు. అందులో ఎలక్ట్రాన్ తన చుట్టూ తాను తిరగడమూ, కేంద్రకం చుట్టూ తిరగడమూ ముడిపడిపోయాయి. దాంతో బుల్లి అయస్కాంతం లాంటి ప్రతి పరమాణువునూ ముగ్గురు పొరుగువాళ్లు మూడు వైపులకు లాగుతారు. ఎవరి మాట వినాలో తెలియక అది ఓ పట్టాన కుదురుకోదు. పరమశూన్య ఉష్ణోగ్రతకు ఏడు డిగ్రీల దూరం దాకా చల్లబరిస్తే గానీ దారికి రాదు. చల్లబరుస్తూ కొలిస్తే, ఆ ఏడు దగ్గర గ్రాఫులో ఒకే ఒక్క శిఖరం. ఛీ, ఎంత విసుగు!

ఆ విసుగు వదిలించిన మహానుభావుడు, పీహెచ్‌డీ ముగించి మా ల్యాబులో పోస్ట్‌డాక్‌గా చేరిన కాల్డర్. ఈ స్ఫటికాన్ని పట్టకారుతో తాకీ తాకనట్టు ఎత్తాలి. అతను మొక్కజొన్న కంకిని పట్టినట్టు పట్టాడు! పొరలు జారాయి. పద్నాలుగు డిగ్రీల దగ్గర రెండో శిఖరం లేచి కూర్చుంది.

"నోరా, కొత్త అయస్కాంత దశ దొరికింది!" అని మా ప్రొఫెసర్ గోర్డన్ మక్‌లీష్ గంతులేశారు.

"గోర్డన్ గారూ, అది కొత్త దశ కాదండీ, కాల్డర్ బొటనవేలు!"

"నీకన్నీ అనుమానాలే. వెళ్లి నీ కొలిమి చూసుకో తల్లీ!"

ఇక చూడండి వైభవం! పేపరు అచ్చయింది. కాల్డర్‌కు ఉద్యోగం వచ్చింది. ఇద్దరు సిద్ధాంతకర్తలు ఆ బొటనవేలికి నలభై పేజీల భాష్యం రాశారు. ప్రొఫెసర్ దాన్ని చూపిస్తూ మూడు దేశాలు చుట్టి వచ్చారు. బుద్ధిగా ఉండే శిఖరం ఏనాడైనా ఇంతమందికి అన్నం పెట్టిందా? రచయితలు పదకొండుమంది. నా పేరుకు మాత్రం చోటు చాలలేదు. స్ఫటికం ఆకాశం నుంచి ఊడిపడింది కాబోలు!

పోయిన నెల ఇంకో ఊరి ల్యాబు వాళ్లు, కాల్డర్ నొక్కిన ముక్కను తీసిన రోజే అదే కొలిమిలోంచి నేను తీసి పంపిన ఇంకో ముక్కను, ఎవరూ నొక్కకుండా కొలిచారు. ఏడు దగ్గర ఒకటే శిఖరం! నేను చెప్పిందే నిజమైంది. మా పేపరుకు సవరణ పడిందని తెలిసి పరుగున వెళ్లి తెరిచాను.

మూడేళ్లలో మొదటిసారి నా పేరు అచ్చులో చూసుకున్నాను: "రెండో శిఖరానికి కారణం స్ఫటికంలోని లోపం. స్ఫటికాన్ని పెంచినవారు నోరా పెల్టియర్."